గూట్లో ముంతలు

ఆ వారం సైదులికి సర్వర్ మీద కంటే మనుషుల మీదే ఎక్కువ కోపం వచ్చింది.

సర్వర్ యంత్రం. చెప్పినట్టు చేస్తుంది. మనుషులే కాసేపు కుదురుగా కూర్చుని ఒక ఫారం నింపలేరు. పొయ్యి మీద కూర అడుగంటుతోందని లేస్తారు. గేదె తాడు తెంపుకుందని లేస్తారు. ఎవరో ఫోన్ చేస్తే ఊరి సంగతులన్నీ మాట్లాడుతూ కూర్చుంటారు. తిరిగొచ్చి చూసేసరికి రాసిందంతా పోయి మళ్ళీ మొదటి పేజీ కనబడుతుంది. అప్పుడు సైదులికి ఫోన్ చేస్తారు.

"బాబూ, మళ్ళా పేరడుగుతాంది."

పొద్దున లేచింది మొదలు ఇదే మాట. అన్నం తింటున్నా ఇదే మాట. మొదట్లో ఓపిగ్గా బదులు చెప్పేవాడు. ఇప్పుడు ఫోన్ మోగితేనే మొహం చిట్లిస్తున్నాడు.

వాగొడ్డు దర్గాలో ఏటా ఉరుసుకి ముందు ఉచిత కంటి శిబిరం జరుగుతుంది. పట్నం నుంచి డాక్టర్లు వచ్చి, చుట్టుపక్కల పల్లెల్లోని ముసలివాళ్ళకి శుక్లాలు తీసి వెళతారు. నిరుడు పేర్లు రాయించుకోవడానికి అందరూ ఎండలో వరస కట్టారు. ఆ వరసలో చిన కోటయ్య అనే పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆయన్ని నీడకి మోసుకొచ్చి మొహాన నీళ్ళు చల్లింది సైదులే. తెలివి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "నా వరస పోయిందా నాయనా?"

పోయింది. ఆయన తేరుకునేలోపు ఖాళీలన్నీ నిండిపోయాయి. కోడలి భుజం పట్టుకుని, అడుగు తడుముకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ మాట సైదుల్ని వదల్లేదు. ఆ రోజే మస్తాన్ తాత ముందు నిలబడి చెప్పాడు.

"వచ్చే ఏడు ఎవరూ ఎండలో నిలబడరు తాతా. ఇంట్లో నీడపట్టున కూర్చుని ఫోన్లో రాసుకుంటారు. ఆ పూచీ నాది."

తాత "సరే" అన్నాడు.

మస్తాన్ తాత ఆ దర్గాకి పెద్ద. దూదేకుల ఇంట పుట్టి, ఏకుతో పాటు ఓర్పు కూడా చిన్నప్పుడే పట్టుబడిన మనిషి. ఆయన మాట తక్కువ. గురువారం గురువారం వచ్చే వందలాది జనంలో ఎవరి కష్టం ఎవరిదో ఒక్కటీ మరిచిపోడని ఊళ్ళో పేరు. సైదులు ఆయన దగ్గర చేరింది కూడా ఆ పేరు వినే. పట్నం సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ, వారానికోసారి దర్గాకొచ్చి తాతకి శిష్యరికం చేస్తున్నాడు.

సైదులికీ జ్ఞాపకం గట్టిదే. ఆఫీసులో ఏ పాత సంగతి కావాలన్నా ఎవరూ వెతకరు, సైదుల్ని అడుగుతారు. అడిగితే అతనికి ఆనందం. సెలవు పెట్టినరోజు ఫోన్లు రాకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. ఈ విషయంలో తాతా తనూ ఒకే బాపతని లోలోపల మురిసిపోయేవాడు.

ఇక సర్వర్ సంగతి. ఒక మనిషి సైదులు తయారుచేసిన వెబ్‌సైట్‌కి వచ్చి పేరు, ఊరు, ఏ కన్ను, షుగరుందా, తోడెవరొస్తారు అని ఒక్కో పేజీ నింపుకుంటూ పోతుంటే, ఆ మనిషెవరో, ఎక్కడిదాకా వచ్చాడో సర్వర్ గుర్తుంచుకోవాలి. ఆ పని తెలిసినవాళ్ళు దాన్ని సెషన్ అంటారు. ఆ గుర్తుల్ని ఎక్కడ దాచాలో సెట్టింగుల్లో ఒక వరుసలో ముందే రాసిపెట్టాలి. సైదులు ఏమీ ఆలోచించకుండా, సర్వర్ తన బుర్రలోనే దాచుకోవాలని రాశాడు. పని త్వరగా అవుతుంది. ఎక్కడికో వెళ్ళి వెతుక్కునే బాధ ఉండదు. పెద్ద పనులకి అలా వాడొద్దని హెచ్చరిక కనబడింది గానీ, అది తెలియనివాళ్ళ కోసం రాసిందిలే అనుకున్నాడు.

మొదట బాగానే నడిచింది. తర్వాత ఊళ్ళన్నీ విరుచుకుపడ్డాయి. సర్వర్ ఊపిరాడక కూలబడింది. సైదులు దాన్ని ఆపి మళ్ళీ లేపాడు. లేచింది గానీ, దాని బుర్రలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. సగం నింపినవాళ్ళంతా మొదటికొచ్చారు.

ఇలా కాదని పక్కన రెండో సర్వర్ పెట్టాడు. ఏది ఖాళీగా ఉంటే మనిషి దాని దగ్గరికి వెళ్ళేలా ఏర్పాటు చేశాడు. దాంతో ఇంకో తంటా మొదలైంది. ఒకదానికి పేరూ ఊరూ చెప్పుకున్న మనిషి, లేచి వెళ్ళి తిరిగొచ్చేసరికి రెండోదాని దగ్గర తేలుతున్నాడు. అది ఇతన్ని ఎన్నడూ చూడలేదు. నువ్వెవరు, నీ పేరేమిటి అని అడుగుతోంది. ఏకబిగిన నింపినవాళ్ళు ఎలాగో గట్టెక్కుతున్నారు. మధ్యలో లేచినవాళ్ళే మునుగుతున్నారు.

పేర్లు తీసుకోవడం ఆదివారంతో ఆఖరు. ఈలోపు ఇది దారికి రాకపోతే సోమవారం పొద్దున్నే మళ్ళీ ఎండలో వరస. తను ఇచ్చిన పూచీ వాగులో కలిసినట్టే.

గురువారం పొద్దున సైదులు దర్గాకొచ్చేసరికి తాత అరుగు మీద కూర్చుని నెమలి ఈకల కట్టకి కొత్త దారం చుడుతున్నాడు. జనం ఇంకా రాలేదు. సైదులు ముందే ఒక పరిష్కారం ఆలోచించుకుని వచ్చాడు. తాత మాటంటే జనానికి గురి. మైకులో తాత చేత ఒక మాట చెప్పిస్తే చాలు.

"తాతా, కంటి ఫారం గురించి ఒక మాట."

"చెప్పు."

"తప్పు సర్వర్‌ది కాదు. జనం ఒకచోట కూర్చోవటంలేదు. సగం రాసి లేచిపోతన్నారు. ఒకసారి మొదలుపెట్టినాక మధ్యలో లేవకూడదని నువ్వు మైకులో..."

తాత చేయెత్తాడు.

"నాకు దారం చిక్కుపడింది అబ్బాయ్. అటుపక్క అరుగు ఖాళీగా ఉంది, వెళ్ళి అక్కడ చెప్పు."

అటుపక్క అరుగు మీద హుసేన్‌బీ ఉంది. సైదులి కంటే ముందు నుంచీ తాత దగ్గర ఉన్న శిష్యురాలు. తల నెరిసింది గానీ నోటి చురుకు తగ్గలేదు. పొద్దున వచ్చీరాగానే సైదులికి చేత్తో ఉప్మా పెట్టింది ఆవిడే. ఇప్పుడు మాత్రం అతన్ని కొత్తగా చూసినట్టు చూసి, పక్కన చోటు చూపించింది.

"కూర్చో నాయనా. ఏ ఊరు మనది?"

"ఏంది అత్తా ఇది?"

"పేరు చెప్పు నాయనా. సిగ్గుపడబాక."

తాత చెప్పమన్నాడు కదా అని సైదులు పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. ఫారం సంగతి మొదలుపెట్టి, కూరలూ గేదెలూ దాటి, మైకు దగ్గరికి వచ్చాడు. అక్కడ హుసేన్‌బీ తలడ్డంగా ఊపింది.

"నా దగ్గర జనం ఎక్కువైపోయారు నాయనా. అటు అరుగుకి పో."

ఆవిడ అరుగు మీద జనం లేరు. ఒక పిల్లి పడుకుని ఉంది.

సైదులు లేచి తాత దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తాత ఈకల కట్ట పక్కన పెట్టాడు.

"రా నాయనా, కూర్చో. ఎవరబ్బాయివి నువ్వు?"

"తాతా, ఇందాకే గదా చెప్పింది."

"నాకా? అటుపక్క చెప్పి ఉంటావు."

గోడ అవతల హుసేన్‌బీ నవ్వు ఆపుకోలేక దగ్గింది. సైదులికి అర్థం కాకపోలేదు. ఒళ్ళు మండింది. దాంతో పాటు నవ్వూ వచ్చింది.

"సరే తాతా, తెలిసింది. జనం పడే బాధ ఇదేనంటావు. నాకు తెలియక కాదు. దానికో మందు ఉంది. రెండు సర్వర్లు తీసేసి పెద్దది ఒకటే తెస్తా. అరుగు ఒకటే ఉంటే నువ్వెవరని అడిగేవాళ్ళే ఉండరు. అన్నీ దానికే గుర్తుంటయి."

"దానికి జొరం రాదా?"

"రాకుండా చూసుకుంటా."

"సరే" అన్నాడు తాత. తర్వాత ఈకల కట్ట మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ, "ఇయ్యాళ నువ్వు అరుగెక్కబాక. ముంతలు కడుగు" అన్నాడు.

ముంతలు కడగడం కొత్తగా చేరినవాళ్ళ పని. సైదులు దాన్ని దాటి చాలా కాలమైంది. మొహం ఎర్రబడింది. చొక్కా చేతులు మడిచి, తాత అరుగు పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

ముంతల సంగతి ఇక్కడ చెప్పాలి.

గురువారం దర్గాకొచ్చే జనం అరుగు మీద కూర్చున్నవాళ్ళకి తమ కష్టం చెప్పుకుంటారు. ఒక్క గురువారంతో తెమిలే కష్టాలు తక్కువ. మళ్ళీ వస్తారు, మిగతాది చెబుతారు. అరుగులు రెండు, మధ్యలో గోడ, ఆ గోడలో రెండు వైపుల నుంచీ చేయి అందే పెద్ద గూడు. గూడు నిండా చిన్న చిన్న మట్టి ముంతలు.

ఎవరైనా కష్టం చెప్పుకుంటుంటే, వినేవాళ్ళు ఒక ముంత తీసి అందులో గుర్తులు వేస్తారు. జబ్బయితే ఎండు వేపాకు. తగవైతే మిరపకాయ. దూరమైన మనిషికి గవ్వ. బిడ్డకి చింతగింజ, బిడ్డకి ఏదైనా అయితే రెండుగా పగిలిన చింతబద్ద. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్న మాటకి ఉప్పుకల్లు. తర్వాత ముంత మెడకి ముళ్ళు వేసిన దారం కట్టి, అదే తీరు ముళ్ళతో ఇంకో దారం వచ్చినవాళ్ళ మణికట్టుకి కడతారు. ఒకరి ముళ్ళు ఇంకొకరికి రావు.

మళ్ళీ వచ్చినప్పుడు ఆ మనిషి చేయి చాపితే చాలు. ఏ అరుగు మీద ఎవరు కూర్చున్నా ఆ ముళ్ళున్న ముంత తీసుకుని, ఆగిన చోటు నుంచి వింటారు. కష్టం తీరితే ముంతలోది వాగులో కలిపేస్తారు. ఎవరూ తిరిగి రాక ఉండిపోయిన ముంతల్ని ఉరుసు అయ్యాక ఖాళీ చేస్తారు. దర్గా పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి.

సైదులు అరుగెక్కిన కొత్తలోనే ముంతలు మానేశాడు.

"నాకు గుర్తుంటది" అన్నాడు. గుర్తుండేది కూడా. ఎప్పుడో వచ్చిన మనిషి గుమ్మంలో కనబడగానే, "మీ తమ్ముడితో మాటలు కలిసినయ్యా పెద్దయ్యా?" అని తనే అడిగేవాడు. జనం ముచ్చటపడ్డారు. ఆ అబ్బాయికి దారం అక్కర్లేదు, మొహం చూస్తే చాలని చెప్పుకున్నారు. కొందరైతే తాత అరుగు ఖాళీగా ఉన్నా అతని కోసమే కాచుకునేవాళ్ళు. తాత ఏమీ అనలేదు. హుసేన్‌బీ మాత్రం ఊరుకోలేదు.

"అయితే ఇంటికి పోయేటప్పుడు నీ తలకాయ తీసి గూట్లో పెట్టి పో అబ్బాయ్. మాకూ పనికొచ్చుద్ది."

సైదులు నవ్వేశాడు. అది ఎగతాళి అనుకున్నాడు.

ఇప్పుడు కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని ముంతలు తోముతుంటే ఆ మాట గుర్తొచ్చి చురుక్కుమంది. జనం రావడం మొదలైంది. సాంబ్రాణి పొగ కుళాయి దాకా వస్తోంది. అరుగు మీద మాటలు వినబడుతూనే ఉన్నాయి. సైదులు తల పైకెత్తలేదు. జేబులో ఫోన్ మోగుతోంది. పేరడుగుతాందని చెప్పడానికే అయ్యుంటుంది. తీయలేదు.

ఇంతలో ఒక గొంతు విని చేయి ఆగిపోయింది.

"ఆ బాబు లేడా అయ్యా?"

నాంచారమ్మ. కిందటి గురువారం తన దగ్గరే కూర్చుంది. సైదులికి ఆవిడ చెప్పిన ప్రతి మాటా గుర్తుంది.

ఆవిడకి కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. ఇంట్లో చెప్పలేదు. చెబితే మనవరాల్ని చేతికివ్వరని భయం. ఒకరోజు పిల్లనెత్తుకుని నడుస్తూ గడప కనబడక పడింది. పిల్లకి దెబ్బ తగిలింది. కొడుకూ కోడలూ పొలం నుంచి వచ్చి అడిగితే, ఉయ్యాల్లోంచి జారిందని చెప్పింది. ఆ మాట దగ్గరికొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బస్సు వేళైందని, మిగతాది వచ్చే వారం చెబుతానని వెళ్ళిపోయింది.

"పనిలో ఉన్నాడు తల్లీ. నాకు చెప్పు" అంటున్నాడు తాత.

సైదులు గోడ మూల నుంచి తొంగిచూశాడు. తాత ఆవిడ చేయి పట్టుకుని మణికట్టు మీద వేళ్ళతో వెతికాడు. అక్కడేమీ లేదు.

"దారం లేదేం తల్లీ?"

"కట్టలేదయ్యా. గుర్తుంటదన్నాడు."

"పోన్లే. మొదటి నుంచి చెప్పు."

ఆవిడ కొంగు చివర చుట్టింది, విప్పింది.

"ఫోన్లో కంటి ఫారం కూడా ఇంతేనయ్యా. పక్కింటి పిల్ల చేత రాయిస్తాంటే సగంలో మళ్ళా నువ్వెవరంది. అదంటే యంత్రం. పేరు ఎన్నిసార్లయినా చెప్తా. ఈ మాట మాత్రం రెండోసారి నా నోట రాదు. ఒకసారి చెప్పేదానికే ఎంతో అవస్థ పడ్డా."

తాత ఆవిడ మణికట్టు వదిలాడు.

"ఇంకోసారి వస్తాలేయ్యా" అని నాంచారమ్మ లేచింది.

ఆవిడ మళ్ళీ రాదని సైదులికి తెలిసిపోయింది. కళ్ళ సంగతి ఇంట్లో చెప్పదు. శిబిరానికీ రాదు. పిల్లనెత్తుకుని మళ్ళీ అదే గడప దాటుతుంది. ఆవిడ కష్టమంతా భద్రంగా తన తలలో ఉంది. ఎవరికీ అందని చోట ఉంది.

నేనున్నానమ్మా అని అరుగెక్కబోయాడు. ఒక అడుగు వేశాడు కూడా. ఇవాళంటే ఉన్నాడు. వచ్చే గురువారం ఆఫీసు పనో, జ్వరమో వస్తే? దానికి జొరం రాదా అని తాత అడిగింది సర్వర్ గురించేనా?

చేతిలో ఉన్న ముంతని చొక్కాకి తుడిచాడు. గూటి దగ్గరికి వెళ్ళి గుర్తులుండే చేటలోంచి ఒక వేపాకు తీసి ముంతలో వేశాడు. ఒక చింతబద్ద వేశాడు. కాసేపు ఆగి, ఒక ఉప్పుకల్లు వేశాడు. అవతలి అరుగు మీంచి హుసేన్‌బీ గూట్లోంచి దారం అందించింది. ముళ్ళు వేయడం అలవాటు తప్పి వేళ్ళు తడబడ్డాయి. ముంత మెడకి ఒక దారం కట్టి, మెట్ల దగ్గరికి వెళ్ళిన నాంచారమ్మ ముందు నిలబడి, రెండో దారం ఆవిడ చేతికి కట్టాడు. ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"ఇయ్యాళ తాతకి చెప్పండమ్మా. మళ్ళా మొదలెట్టక్కర్లేదు."

ముంత తీసుకెళ్ళి తాత చేతిలో పెట్టాడు.

తాత ముంతలో వేలు పెట్టాడు. వేపాకు మీద వేలు ఆగింది. చింతబద్దని తిప్పి, పగిలిన నున్నటి వైపు తడిమాడు. ఉప్పుకల్లు దగ్గర మరికాస్త సేపు ఉండిపోయాడు. ఇదంతా సైదులు ఇంతకుముందూ చూశాడు. తాత అలవాటు అనుకునేవాడు. ఇవాళ దగ్గర నిలబడి చూస్తే తాత చూపు ముంత మీద లేదు. ఎదురుగా నిలబడ్డ నాంచారమ్మ మీదా లేదు. రెండు నల్లగుడ్ల మీదా తెల్లటి పొర కమ్ముకుని ఉంది.

వందలాది జనాన్ని మరిచిపోని మనిషి, ఎంత కాలంగా ఒక్క మొహమూ చూడలేదో.

"కూర్చో తల్లీ" అన్నాడు తాత. "బిడ్డకి దెబ్బ మానిందా?"

నాంచారమ్మ నిలబడిపోయింది. తర్వాత మెల్లగా వచ్చి కూర్చుంది.

"మానిందయ్యా. నవ్వుతాంది. నన్ను చూస్తే చేతులు చాపుద్ది. ఎత్తుకోవాలంటేనే నాకు భయం."

కిందటి వారం ఆగిన చోటు నుంచే చెప్పడం మొదలుపెట్టింది. సైదులు ఇక వినలేదు. అది ఇప్పుడు తాతకీ ఆవిడకీ మధ్య మాట. నెమ్మదిగా అక్కణ్ణుంచి వచ్చేసి, వరండాలో తన సంచీలోంచి ల్యాప్‌టాప్ తీశాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తీశాడు.

"బాబూ, మళ్ళా..."

"పేరడుగుతాందా పెద్దమ్మా? తప్పు నాదే. సాయంత్రానికి సరిచేస్తా. ఈసారి రాసింది ఎక్కడికీ పోదు."

"అట్నే బాబూ" అంది పెద్దమ్మ, నమ్మలేనట్టు. తిట్లు పడతాయని సిద్ధపడి ఉన్నట్టుంది.

సెట్టింగుల్లో ఆ ఒక్క వరుసా తెరిచాడు. వచ్చినవాళ్ళ గుర్తులు సర్వర్ బుర్రలోనే ఉండాలని తను రాసింది అక్కడే ఉంది. దాన్ని కొట్టేశాడు. రెండు సర్వర్లకీ బయట, రెండింటికీ చేయి అందే చోట ఒక ఖజానా ఏర్పాటు చేశాడు. ఎవరెక్కడిదాకా వచ్చారో అందులో ఉంటుంది. ఆ మనిషి ఫోన్లో ఒక చిన్న గుర్తు మాత్రం ఉంటుంది. మణికట్టు దారం లాంటిది. ఏ సర్వర్ దగ్గరికి వెళ్ళినా అది ఆ గుర్తు చూసి ఖజానాలోంచి సంగతి తీసుకుంటుంది. శిబిరం అయ్యాక కూడా ఎవరూ తిరిగి రాకపోతే దానంతటదే ఖాళీ అవుతుంది. ఇదంతా చేస్తూ, తను చదువుకున్న చదువులో ఇది మొదటి రోజుల పాఠమని గుర్తొచ్చి తలదించుకున్నాడు.

అయ్యాక తన ఫోన్లో ఒక ఫారం సగం దాకా నింపాడు. ఊపిరి బిగబట్టి మొదటి సర్వర్‌ని తనే ఆపేశాడు. ఫోన్లో తర్వాతి పేజీ నొక్కాడు.

తోడెవరొస్తారు అని అడిగింది. పేరు అడగలేదు.

సైదులు చాలాసేపు ఆ ప్రశ్న వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం జనం పలచబడ్డాక గూటి దగ్గర కూర్చుని, తన దగ్గర చెప్పుకున్న ఒక్కొక్కర్నీ గుర్తుచేసుకుంటూ ముంతలు నింపడం మొదలుపెట్టాడు. మిరపకాయ ఒకరికి, గవ్వ ఒకరికి. వాళ్ళొచ్చినప్పుడు కట్టడానికి రెండో దారం కూడా ప్రతి ముంత పక్కనే పెట్టాడు. ఇప్పటికి మొహం చూసి పోల్చాల్సింది అతనే. ఒకసారి దారం కట్టాక అతనితో పనిలేదు. గూట్లో చోటు చాల్లేదు. హుసేన్‌బీ ఇంకో పలక తెచ్చి వేసింది.

"ఇంతమంది ఉన్నారా నీ తలకాయలో?"

"ఉన్నారత్తా."

"బరువనిపించలేదా?"

"ఇప్పుడు తెలుస్తాంది" అన్నాడు సైదులు.

మర్నాడు ఫోన్లు తగ్గాయి. వచ్చినవాటిలో ఒకటి వేరేగా ఉంది. "బాబూ, రాస్తాంటే పాలు పొంగినయ్. పొయ్యి తుడుచుకుని వచ్చి చూస్తే ఆడనే ఉంది. చెప్దామని చేశా" అని ఒక ఆవిడ ఫోన్ పెట్టేసింది. సైదులికి ఆ రోజు అన్నం సయించింది.

ఆదివారం సాయంత్రం వరండాలో కూర్చుని వచ్చిన పేర్లు చూసుకున్నాడు. చిన కోటయ్య పేరు ఉంది. తోడు కోడలు. నాంచారమ్మ పేరు ఉంది. తోడెవరొస్తారన్న చోట కూడా కోడలు అనే ఉంది. అంటే ఇంట్లో చెప్పింది. సైదులు ఆ పేరు మీద వేలుంచి, ఎవరూ చూడటంలేదు గనక కళ్ళు తుడుచుకున్నాడు.

లేచి తాత అరుగు దగ్గరికి వెళ్ళాడు.

"తాతా, ఇంకొక పేరు రాయాల్సి ఉంది."

"ఎవరిది?"

"నీది."

తాత పెదవి చివర నవ్వు కదిలింది. సైదులు పక్కన కూర్చుని ఫోన్ తెరిచాడు. పేరు రాశాడు. ఊరు రాశాడు.

"ఏ కన్ను తాతా?"

"రెండూ రాయి."

"షుగరుందా?"

"హుసేన్‌బీని అడుగు. నా టీలో చక్కెర ఆపింది ఆమే."

సైదులు ఉందని రాశాడు. ఆఖరి పేజీ వచ్చింది. తోడెవరొస్తారు అని ఉంది. అదే సమయానికి గుమ్మం దగ్గర ఎవరిదో దగ్గు వినబడింది. గురువారం కాకపోయినా దూరం నుంచి ఎవరో వచ్చినట్టున్నారు. తాత గోడ పట్టుకుని లేచాడు.

"ఒక్క నిమిషం తాతా, ఇదొక్కటే మిగిలింది. మధ్యలో లేస్తే..."

సైదులు ఆగిపోయాడు.

తాత గోడ మీద చేయి ఆనించి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"పోద్దా?"

సైదులు ఫోన్‌ని గూట్లో, ముంతల మధ్య పెట్టాడు.

"పోదు తాతా."